ఊరంతా డిట్టో

కంప్యూటరులో ఒక గడిలో పేరు కొట్టి కిందికి లాగితే ఎన్ని గళ్ళయినా అదే పేరుతో నిండిపోతాయని మొన్న మా మనవరాలు చూపించింది. చూపించి, "మీ రోజుల్లో ఇవన్నీ చేత్తో రాసేవాళ్ళా తాతయ్యా, పాపం" అంది. పాపం ఏమీ లేదు. మేమూ లాగేవాళ్ళమే. పై వరసలో పేరు ఒకసారి రాసి, కింద రెండేసి చిన్న గీతలు గీసుకుంటూ పోయేవాళ్ళం. దాన్ని డిట్టో అనేవాళ్ళం. నా రెవెన్యూ ఉద్యోగంలో నేనందుకున్న మొట్టమొదటి మెమో ఆ రెండు గీతల చలవే. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకోసం ఆ సంగతి చెబుతాను. నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

అరవైల చివరి మాట. నేను విజయనగరంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్నగారు సంస్కృతం చెప్పే మాస్టారు కావడంచేత నాకు అన్నీ తెలుసునని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఇరవై రెండో ఏట తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేరాను. ఆ ఆఫీసు ఏ ఊళ్ళోదో చెప్పను. బొబ్బిలిలో రైలు దిగి వెళ్ళాలి, అంతవరకు చెప్పగలను. చేరిన మూడో నెలలోనే ఓటర్ల జాబితా సవరణ వచ్చి పడింది. గుమస్తాలందరికీ తలో నాలుగు ఊళ్ళు పంచారు. ప్రతి ఇంటికీ వెళ్ళి, గడప ముందు నిలబడి, ఇరవై ఒకటి నిండినవాళ్ళ పేరూ, ఇంటిపేరూ, తండ్రి పేరో భర్త పేరో, వయసూ అడిగి రాసుకోవాలి. ఆఖర్న "ప్రతి ఇంటిని స్వయముగా దర్శించితిని" అని సంతకం పెట్టాలి.

నా నాలుగు ఊళ్ళలో ఒక ఊరంతా, కరణంగారి గడప ఒక్కటి తప్ప, ఒకటే ఇంటిపేరు. అరవై గడపలు, అందరూ వరీ చోడీ పండించుకునేవాళ్ళే. ఆ ఇంటిపేరు కూడా చెప్పను. వాళ్ళ మనవలు ఇవాళ బ్యాంకుల్లోనూ కచేరీల్లోనూ ఉన్నారు, నా చిరునామా కనుక్కోవడం వాళ్ళకి పెద్ద పని కాదు. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే మూడు కథలు చెప్పారు. కోటలో కొలువు చేసిన మూలపురుషుడి బిరుదని కొందరు మగవాళ్ళు చెప్పారు. కరువులో వదిలి వచ్చిన పాత ఊరి పేరని ఇంకొందరు చెప్పారు. మూడో కథ ఆ ఊరి కోడళ్ళు చెప్పారు. అందులో మూలపురుషుడు పెళ్ళిభోజనాల్లో బంతి మీంచి లేవని మనిషి. మగవాళ్ళెవరూ దాన్ని ఒప్పుకోరు.

ఒకే కులంలో ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల కింద లెక్క, వాళ్ళలో వాళ్ళకి పెళ్ళిళ్ళు కుదరవు. కాబట్టి ఆ ఊరి కోడళ్ళందరూ బయటినుంచి వచ్చినవాళ్ళు, ఆ ఊరి ఆడపిల్లలందరూ బయటికి వెళ్ళినవాళ్ళు. మగవాళ్ళు ఒకరికొకరు అన్నో తమ్ముడో, చిన్నాన్నో పెదనాన్నో, తాతో మనవడో. మనసారా వేళాకోళం ఆడదామంటే ఊరు మొత్తం మీద బావ అనే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను ఇల్లరికం వచ్చిన అల్లుడు. కొడుకులు లేని ఒక పెద్దరైతు తన ఒక్క కూతుర్నిచ్చి ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఊళ్ళో వయసు మగవాళ్ళందరికీ అతను ఉమ్మడి బావ. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందే తెలుసుకోవలసిన రోజున నేను తాటిముంజలు తింటున్నాను.

మండువేసవి. ఊళ్ళో అడుగుపెట్టేసరికి కరణంగారు ఎదురొచ్చి నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టారు. "ఈ ఎండలో గడపగడపా ఎక్కి దిగడం దేనికి బాబూ, అరవై ఇళ్ళూ నా నోట్లోనే ఉన్నాయి. నేను చెబుతాను, మీరు రాసుకోండి" అన్నారు. పళ్ళెంలో ముంజలు వచ్చాయి. ఆయన పేర్లు చెప్పడం, నేను ఒక చేత్తో రాయడం, రెండో చేత్తో ముంజ నోట్లో వేసుకోవడం. ఇంటిపేరు మొదటి వరసలో ముత్యాలకోవలా రాశాను. ఆ తర్వాత అన్నీ రెండేసి గీతలు. "ఈయన అల్లుడు, ఇల్లరికం" అని కరణంగారు స్పష్టంగానే చెప్పారు. నేను పేరు రాశాను. ఇంటిపేరు గడిలో చెయ్యి తన దారిన తాను రెండు గీతలు గీసేసింది. మిట్టమధ్యాహ్నానికి ఊరు అయిపోయింది, దర్శించితినని సంతకం పెట్టేశాను.

వానాకాలంలో ముసాయిదా జాబితా టైపు చేసి ఊళ్ళలో అంటించారు. టైపిస్టు పద్ధతైన మనిషి. నా గీతలున్న ప్రతిచోటా ఇంటిపేరు పూర్తిగా కొట్టేశాడు. వారం తిరక్కుండా ముప్ఫయ్యేళ్ళ మనిషి ఒకతను, భుజాన తువ్వాలు వేసుకుని, వానకి తడిసి నా టేబులు ముందు నిలబడ్డాడు.

"మా ఊరి లిస్టు రాసిన బాబు నువ్వేనా?"

అవునన్నాను, కొంచెం గర్వంగానే.

"నాను ఏతాలోడిని బాబూ. నన్ను మా ఇంటిదాని పుట్టింటి పేరులో కలిపీసినావు."

"ఓటు ఉంది కదయ్యా. ఇంటిపేరు ఏదైతేనేం?" అన్నాను.

"ఓటుంది. ఎయ్యాల్సినోడే నేకుండా పోనాడు" అని అతను నా ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. "మా బావమరుదులంతా ఇప్పుడు నన్ను అన్నా అంతన్నారు. 'ఏటన్నా, మన సెల్లెలు కూడొండిందా' అని మా ఇంటిదాన్ని సూపించి అడుగుతన్నారు. అది సిగ్గుతో నూతికాడికి రావడం మానీసింది."

నాకు నవ్వాగలేదు. అతనూ నవ్వాడు గాని వెంటనే తల వంచుకున్నాడు.

"ఆ బావమరుదులు నవ్వితే నవ్వనీ బాబూ. మా మావ నవ్వడం నేదు. నాను ఇల్లరికం వచ్చినప్పుడు పెద్దల్లో ఒక మాటనుకున్నాం. సాకిరీ సేస్తాను, ముసిలితనంలో సూసుకుంటాను, ఇంటిపేరు మాత్రం మార్సుకోను అని. నాను పుట్టినూళ్ళో ఏతాలోలంటే ఇంకెవులూ మిగల్నేదు, అందుకు. మావ సరే అన్నాడు. ఇప్పుడా కాయితం పట్టుకుని, 'సర్కారే రాసీసింది, నువ్వేటంతావు' అంతన్నాడు. దసరాకి మా గుంటడిని బళ్ళో ఎయ్యాల. మావ ఇంటిపేరే ఎక్కిస్తానని కూకున్నాడు. బడి పుస్తకంలో ఎక్కితే మరి మారదు కదా."

మారదు. అది నాకూ తెలుసు. ఒక్క ఎర్రసిరా గీతతో, "నా పొరపాటు" అని పక్కన రాసి సంతకం పెడితే ఆ పూటే తీరిపోయే పని. అలా చెయ్యకుండా హెడ్ గుమస్తాగారి సలహా అడిగాను. ఆయన పొడుం డబ్బీ మూత మీద రెండుసార్లు తట్టి ఆలోచించే మనిషి. "చూడవోయ్, దర్శించితినని సంతకం పెట్టావు. ఇప్పుడు తప్పు రాశానంటే దర్శించలేదని ఒప్పుకున్నట్టు. అతని చేత అభ్యంతరం ఫారం పెట్టించు, ఇంటిపేరుకి రుజువు తెమ్మను. రుజువు వచ్చిందనుకో, అది మన తప్పు కాదు, కొత్త సమాచారం" అన్నారు. ఆయన తెలివికి ఆ రోజు నేను మురిసిపోయాను. అల్లుణ్ణి పిలిచి, ఏతాల అనే ఇంటిపేరు నీకుందని చెప్పే కాగితమో మనిషో కావాలన్నాను.

"కాయితాలెక్కడివి బాబూ మాకు? మడిసంటే మా పెదనాన్నొక్కడే. కొత్తవలసకాడ రైలు లైను పన్లోకి ఎల్లిపోనాడు. ఉన్నాడో నేడో."

అతను వర్షంలోకి దిగి వెళ్ళిపోతుంటే నాకు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. నా సంతకం కాపాడుకోవడానికి ఒక మనిషిని, నువ్వు నువ్వేనని రుజువు చేసుకోమని ఊళ్ళమీదికి తోలుతున్నాను. దాన్ని ఒప్పుకునే ధైర్యం లేక, వచ్చే ఆదివారం నేను కూడా కొత్తవలస వస్తానన్నాను. అతను దండం పెట్టాడు. ఆ దండం తీసుకోవడం నా ఉద్యోగంలో నేను చేసిన సిగ్గుమాలిన పనుల్లో ఒకటి.

దారిలో విజయనగరంలో రైలు మారాలి. మా ఇంట్లో కాఫీ తాగుతూ, "ఏతాల అంటే ఏమిటి నాన్నగారూ" అని అడిగాను. ఆయన అరగంట ఆలోచించి దాన్ని ఒక మహర్షి దాకా తీసుకుపోయారు. అల్లుడు భక్తిగా విన్నాడు. వీధిలోకి వచ్చాక, "మాకు అంత పెద్దోలతో సుట్టరికం నేదు బాబూ" అన్నాడు.

కొండల్లోకి కిరండూలు లైను వేసిన రోజులవి. కొత్తవలస స్టేషనుకి అవతల రేకుల పాకలు, రాళ్ళగుట్టలు, పది జిల్లాల కూలీలు. ఏతాలవాళ్ళెవరని టీ దుకాణంలో అడిగితే దుకాణం మనిషి "నేనే" అన్నాడు. అల్లుడి మొహం వెలిగింది. తీరా మాట్లాడితే కులం వేరు, సొంత ఊరు ఎక్కడో సోంపేట వైపు. ఇంటిపేరు ఒకటే గాని చుట్టరికం లేదు. అయినా ఇద్దరూ ఒకరినొకరు ఆప్యాయంగా చూసుకున్నారు, అతను మా దగ్గర టీ డబ్బులు పుచ్చుకోలేదు. చీపురుపల్లి దగ్గర ఇంకో పది గడపలున్నాయని, వాళ్ళు నేతపని చేస్తారని కూడా అతనే చెప్పాడు. ఒక ఇంటిపేరు ఇన్ని రకాల మనుషుల్లో ఉంటుందని మా నాన్నగారి సంస్కృతం నాకు నేర్పలేదు.

పెదనాన్న దొరికాడు. కూలీల వంటపాక దగ్గర, అరవై దాటిన మనిషి, పెద్ద గుండిగ తోముతున్నాడు. తమ్ముడి కొడుకుని చూసి, చేతికి బూడిద ఉందని కూడా చూడకుండా గెడ్డం పట్టుకున్నాడు. సంగతంతా విన్నాక ఇంటిపేరు కథ చెప్పాడు. మహర్షి లేడు. నూతిలోంచి నీళ్ళు తోడడానికి పొడుగాటి దూలం ఒకటి ఉండేది, దాని మీద మనిషి ఆ కొసకీ ఈ కొసకీ నడిచి తొక్కుతుంటే నీళ్ళు పైకొచ్చేవి. దాన్ని ఏతం అంటారు.

"కరువులో ఊరందరి మళ్ళకీ మా తాతే ఏతం తొక్కినాడు. అందుకు ఏతాలోలం" అన్నాడు పెదనాన్న.

"ఏతం మీంచి పడి కాలిరగ్గొట్టుకున్నాడని కదా మా అయ్య సెప్పినాడు" అన్నాడు అల్లుడు.

"రెండూ అయినాయి. తొక్కినోడే కదరా పడతాడు."

వాయిదా రోజున వచ్చి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుని, గుండిగ బోర్లించి, ఆయన నావైపు తిరిగాడు. "మా ఇంటిపేరు ఇంకా ఉన్నాదని సెప్పడానికి నాను రైలెక్కి రావాలేటి బాబూ? తప్పు రాసినోడెవుడో ఆడికి తెలీదా?"

అల్లుడు నేలకేసి చూశాడు. రాసింది నేనేనని చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

దసరాకి వారం ముందు ఊరి బడి వసారాలో విచారణ పెట్టారు. డిప్యూటీ తాసిల్దారుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తక్కువ మాట్లాడి, కళ్ళద్దాల పైనుంచి ఎక్కువ చూసే మనిషి. ఊరంతా ముంగిట్లో పోగయింది. పెదనాన్న కొత్త పంచె కట్టుకుని వచ్చాడు, మడతలు ఇంకా విప్పుకోలేదు. ఆయన చెప్పవలసింది చెప్పాడు. అప్పుడు మామగారు, ఆ పెద్దరైతు, నాలుగు మడతలు పెట్టిన జాబితా కాగితం పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఎక్కడో రాళ్ళుమోసే కూలిమడిసిని తెచ్చి నిలబెడితే నమ్మీడమేనా బాబుగారూ? సర్కారు మడిసి మా గుమ్మంలోకొచ్చి, అడిగి, కళ్ళారా సూసి రాసుకెళ్ళినాడు. సర్కారు అబద్ధం రాస్తాదా?"

పెదనాన్న తల వాలిపోయింది. కొత్త పంచె కొంగు వేళ్ళతో నలుపుకుంటూ నిలబడ్డాడు. అల్లుడు ఆయన్ని చూసి, తర్వాత నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే నేను తట్టుకునేవాణ్ణేమో. ఆ చూపులో కోపం లేదు.

"నేను ఆ గుమ్మంలోకి రాలేదండీ" అన్నాను. "ఏ గుమ్మంలోకీ వెళ్ళలేదు. కరణంగారి అరుగు మీద కూర్చుని, ముంజలు తింటూ, మొదట ఒక ఇంటిపేరు రాసి కింద అందరికీ గీతలు గీశాను. అతని తప్పేమీ లేదు. ఈ పెద్దాయన రైలెక్కి రావలసిన పనీ లేదు."

ముంగిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కరణంగారికి ఉన్నట్టుండి పశువుల పాక దగ్గర పని తగిలింది. డిప్యూటీ తాసిల్దారుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ముంజలు లేతవేనా?" అని అడిగారు.

"లేతవేనండీ."

"మంచిది. మెమో రేపు ఆఫీసులో పుచ్చుకో." ఆయనే ఎర్రసిరా కలం తీసి గీతలున్న చోట ఏతాల అని రాసి సంతకం పెట్టారు. అంత పనికి రెండు నిమిషాలు పట్టింది.

మామగారు కదల్లేదు. చేతిలో కాగితం విప్పి చూసుకుంటూ నన్నడిగాడు. "అయితే ఇది సర్కారు రాసింది కాదేటి?"

"కాదండీ. నా బద్ధకం."

ఆయన బడిమెట్టు మీద కూలబడ్డాడు. కాగితం మళ్ళీ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నానూ ఈ గడపకి ఇల్లరికమే వచ్చినాను బాబూ. నలభై యేళ్ళయిపోనాది. పెళ్ళినాడే పేరు మార్సీసినారు. నీ పేరేటిరా, ఉంచుకుంతావా అని ఒక్కడూ అడగనేదు. అదే రివాజు అనుకున్నాను. నాకు దక్కనిది ఈడికెందుకు ఉండాల అనిపించింది. సర్కారు కూడా అలాగే రాసిందంటే, పోన్లే, నాకు జరిగింది నాయమేనేమో అనుకున్నాను."

ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో తిని పడుకున్న అల్లుడికి ఈ సంగతి తెలియదు. అతను మామ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలుసు, ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. నేను ఫారాలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

"ఇలాంటివాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని డిప్యూటీ తాసిల్దారుగారు అడిగారు. అడక్కుండా ఉంటే ఆయన భోజనం వేళకి ఇంటికి చేరేవారు. మొదట ఒక ముసలాయన లేచి, తన తండ్రి కూడా అలా వచ్చినవాడేనన్నాడు. ఇంకొకాయన లేచి తాతగారి మాట చెప్పాడు. చూస్తుండగా పదకొండు ఇళ్ళు తేలాయి. నేను అరవై గడపలకీ కలిపి గీసిన గీతల కింద పదకొండు పాత ఇంటిపేర్లు దాక్కుని ఉన్నాయి. యాభై ఏళ్ళుగా అన్నా తమ్ముడూ అని పిలుచుకున్న ఇద్దరు తాతలు, పాత పేర్లు చెప్పుకుంటే వరసకి బావా బావమరుదులయ్యారు. అందులో ఒకాయన అక్కడికక్కడే రెండోవాడి భుజం గుద్దాడు. "ఒరే బావా, ఇన్నాళ్ళూ నిన్ను తిట్టకుండా ఎంత నష్టపోనాన్రా" అన్నాడు. ముంగిలి మొత్తం నవ్వింది. వయసు మగవాళ్ళు వెళ్ళి తమ బావని తిరిగి బావా అని పిలిచి నాలుగు వేళాకోళం మాటలు అంటించారు. అతను హాయిగా పడ్డాడు.

"ఎవరికి మార్చుకోవాలని ఉందో వాళ్ళ ఫారాలు రాయవోయ్. ఒక్క గీత కూడా గీయకు" అని నాకు చెప్పి డిప్యూటీ తాసిల్దారుగారు మజ్జిగ తెప్పించుకున్నారు. తీరా చూస్తే ఎవరికీ మార్చుకోవాలని లేదు. వచ్చినవాళ్ళంతా పాత పేరు ఒకసారి నా చెవిన వేసి, తేలికపడి, వెళ్ళిపోయారు. అందరి వెనకా మామగారు వచ్చాడు. వస్తూ అల్లుడితో, "గుంటడికి నీ పేరే ఎక్కించు" అన్నాడు. తర్వాత నా ముందు నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి తన పుట్టింటి ఇంటిపేరు చెప్పాడు.

నేను కలం ముంచి ఫారం తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బాబూ. ఈ పేరు మీదే బతికినాను, మా ఇంటిది ఈ పేరు మీదే పోనాది. రాయొద్దు. ఒక్కపాలి పైకి సదువు. గట్టిగా, అందరికీ ఇనిపించీలాగ."

నేను లేచి నిలబడ్డాను. కోర్టులో బంట్రోతు పిలిచినట్టు, గొంతెత్తి, ఆయన పాత ఇంటిపేరుతో కలిపి ఆయన పేరు పూర్తిగా పిలిచాను. రాయొద్దన్నాడు కాబట్టి ఇక్కడ కూడా రాయడం లేదు. ముంగిట్లో అందరూ ఇటు తిరిగారు.

ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, నిటారుగా నిలబడి, "ఉన్నాను బాబూ" అన్నాడు.